గుంట దొరికింది

మొన్న మా అమ్మాయి శిరీష నా చేతికి పట్టీ కట్టింది. భీమిలి రోడ్డులో పిల్లల కోసం కట్టిన ఒక పెద్ద పార్కుకి వెళ్ళాం, నేనూ, శిరీషా, దాని కూతురు యశ్వితా. యశ్వితకి నాలుగేళ్ళు నిండాయి. కారు గేటు దగ్గర ఆగిందో లేదో మా అమ్మాయి సంచీ విప్పింది. పిల్ల చేతికి నీళ్ళలో తడిసినా ఊడని పసుపు పట్టీ, దాని మీద తన ఫోన్ నంబరు, అల్లుడి ఫోన్ నంబరు. ఆ పట్టీ ఎక్కడైనా ఊడిపోతుందేమోనని మోచేతి పైన పెన్నుతో మళ్ళీ అదే నంబరు. అదీ చెరిగిపోతుందేమోనని బూటు లోపల ఒక చీటీ. మెడలో ఈల. నెత్తి మీద నిమ్మపండు రంగు టోపీ, సరిగ్గా అలాంటిదే తన నెత్తి మీదా ఒకటి. ఇదంతా అయ్యాక పిల్లని కారు పక్కన నిలబెట్టి తల నుంచి కాళ్ళ దాకా ఫోటో తీసింది. "ఇవాళ దీని పుట్టినరోజు కాదు కదే" అన్నాను. "ఏ బట్టలేసుకుందో గుర్తుండాలి కదమ్మా. పిల్ల కనబడకపోతే ఆ కంగారులో గౌను రంగు కూడా గుర్తురాదు. ఫోటో చూపిస్తే సరిపోద్ది" అంది. ఆ తర్వాత పరీక్ష పెట్టింది. అమ్మ పేరేంటి, నాన్న పేరేంటి, తప్పిపోతే ఏం చెయ్యాలి. "ఉన్నచోటే నిలబడాలి, యూనిఫాం వేసుకున్న ఆంటీకి చెప్పాలి, వేరేవాళ్ళు చాక్లెట్ ఇస్తే వద్దనాలి" అని యశ్విత గడగడా చెప్పేసింది. నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చటలో ఉండగానే నా చెయ్యి లాక్కుని నాకూ ఒక పసుపు పట్టీ బిగించేసింది మా అమ్మాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. మున్సిపల్ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరైన మనిషిని. వందలమంది పిల్లలకి హాజరు పిలిచి, విహారయాత్రలకి తీసుకెళ్ళి, ఒక్కర్నీ పారేసుకోకుండా ఇంటికి చేర్చినదాన్ని. "నాకెందుకే ఇది? నేనేమైనా పాలు తాగే పిల్లనా?" అని అరిచాను. "నువ్వు ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని బజ్జీల బండి కాడ ఆగిపోతావు. పోయిన్సారి మాల్‌లో నిన్నెతకడానికి గంట పట్టింది. యశ్విత అయితే ఉన్నచోటే నిలబడుద్ది. నీకా నమ్మకం నేదమ్మా" అంది తాపీగా. పక్కనే టికెట్ల వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. చిన్నపిల్ల ముందు పరువు పోయింది. అయినా పట్టీ విప్పలేదు, విప్పడం రాలేదు. దాన్ని కత్తిరిస్తే తప్ప రాదట.

లోపల వాళ్ళిద్దరూ నీళ్ళ జారుడుబల్ల వైపు వెళ్ళారు. నేను వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. ఆ కూర్చున్నంతసేపూ నెత్తి మీద మైకు మోగుతూనే ఉంది. నీలం రంగు టీషర్టు వేసుకున్న బాబు దొరికాడని తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో చెబుతోంది ఒక అమ్మాయి. ఆ బాబుకి పేరుంది, ఇంటిపేరుంది, వాళ్ళ నాన్న ఫోన్ నంబరుంది. అయిదు నిమిషాల్లో నాన్న వచ్చి తీసుకుపోయాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ కొట్టుకోలేదు, ఎవరూ పలుగూ తట్టా పట్టుకుని పరిగెత్తుకు రాలేదు. చూడ్డానికి చాలా చప్పగా ఉంది. నేను తప్పిపోయిన రోజున అలా జరగలేదు.

మాది సముద్రంలో వేటకెళ్ళే కుటుంబం. వన్ టౌన్ దాటాక ఒడ్డున ఉన్న పేటలో రెండు గదుల పెంకుటిల్లు. ఆ రెండు గదుల్లో మా అయ్య, అమ్మ, చిన్నాన్న, పిన్ని, రెండు జంటలకీ కలిపి ఏడుగురు పిల్లలం, అందరి మీదా మా మామ్మ, అంటే మా అయ్యని కన్నతల్లి. గుమ్మంలో అడుగు పెడితే ముందు తడి వల వాసన, తర్వాత ఎండుచేప వాసన, ఆపైన కిరసనాయిలు స్టవ్వు వాసన, వీటన్నిటి అడుగున మామ్మ నోట్లో ఎప్పుడూ ఉండే చుట్ట వాసన. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. అలాగే మాట్లాడేది, అలాగే తిట్టేది కూడా. పొద్దున్నే పడవలు రాగానే గంపకి చేపలెత్తుకుని వన్ టౌన్ సందుల్లో తిరిగి అమ్మేది. తక్కెడ ఉండేది కాదు. చేపని చేతిలోకి తీసుకుని ఒకసారి ఇలా ఊపి బరువెంతో చెప్పేది. ఆవిడ చెప్పిన బరువుని వన్ టౌన్‌లో ఎవరూ కాదన్నది లేదు, అంటే ఏమవుతుందో వాళ్ళకీ తెలుసు.

సముద్రం మీద వల వేశాక దాని పైన బెండ్లు తేలుతూ ఉంటాయి. ఏ వల ఎవరిదో దూరం నుంచే తెలియడానికి ఎవరి బెండ్లకి వాళ్ళు ఒక రంగు గుడ్డపీలిక కడతారు. మా మామ్మ ఆ పద్ధతిని మామీదా ప్రయోగించింది. జనంలోకి వెళ్ళినప్పుడు మన పిల్లలు మనకి దూరం నుంచి తెలియాలంటే అందరికీ ఒకటే గుడ్డ ఉండాలంది. వన్ టౌన్‌లో ఆవిడ దగ్గర చేపలు కొనే బట్టల వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గర ఒక తాను మొత్తం తెచ్చేసింది. నారింజ రంగు మీద ఆకుపచ్చ చిలకలు. మగపిల్లలకి చొక్కాలు, ఆడపిల్లలకి గౌన్లు. మిగిలిన గుడ్డతో తలగడ గలీబులు. ఇంకా మిగిలింది, కిటికీకి తెర. ఆ తెర ముందు మాలో ఎవరైనా నిలబడితే కాళ్ళూ తలా తప్ప ఏమీ కనబడేది కాదు. గలీబు మీద పడుకున్న మా చిన్నన్నని పిన్ని ఒకసారి దులపబోయింది కూడా.

లెక్క కూడా మామ్మదే. చేపలు లెక్కపెట్టినట్టే మమ్మల్నీ లెక్కపెట్టేది, తల మీద ఒక్కొక్క మొట్టికాయ వేస్తూ. ఒకటి అనేది కాదు, మొదటిదాన్ని లాభం అనాలి. ఏడు అనేది అసలే కాదు, ఏడు అంటే ఏడుపు వస్తుంది. అందుకని లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి. మా పెద్దన్న దానయ్య లాభం. అందరిలోకీ చివరిదాన్ని నేను, నేను ఆరున్నొక్కటి. నన్ను ఇంట్లో అందరూ గుంటా అని పిలిచేవాళ్ళు. మా వైపు గుంట అంటే పిల్ల. అన్నలకీ అక్కలకీ బడిలో పేర్లున్నాయి. నేనింకా బడికి వెళ్ళలేదు కాబట్టి నాకు పేరుతో పనిపడలేదు. నా పేరే గుంట అని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఎవరూ కాదని చెప్పలేదు కూడా.

ఆ చలికాలం ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టారు. వేటకి వెళ్ళని రోజు చూసి మామ్మ మా ఏడుగుర్నీ బయల్దేరదీసింది. అమ్మా పిన్నీ రాలేదు. ఏడుగురూ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క పూటైనా చూడాలని వాళ్ళ కోరిక. మాకు తలకి కొబ్బరినూనె పట్టించి, మొహానికి పౌడరు దట్టంగా కొట్టి, నుదుట కాటుక బొట్టు పెట్టి, గంజి పెళపెళలాడే చిలకల బట్టలేసి పంపించారు. ఏడుగురం ఒకటే రంగులో, ఒకటే పౌడరులో, చేతులు పట్టుకుని వరసగా నడుస్తుంటే దారిలో రిక్షావాళ్ళు ఆగి చూశారు. "సూడనీ. అందుకే కదా ఏసినాను" అని మామ్మ గర్వపడింది. జెయింట్ వీల్, మృత్యుకూపంలో మోటారు సైకిల్, పళ్ళెమంత అప్పడాలు, మిరపకాయ బజ్జీలు. ప్రతి చోటా దాటగానే మొట్టికాయలు పడ్డాయి, లాభం నుంచి ఆరున్నొక్కటి దాకా.

అక్కడ ఒక అద్దాల గది ఉంది. ఒక అద్దంలో పొడుగ్గా, ఒక అద్దంలో పొట్టిగా, ఒక అద్దంలో బాన పొట్టతో కనబడతాం. మావాళ్ళంతా చూసి నవ్వి బయటికి వెళ్ళిపోయారు. నేను వెళ్ళలేదు. ఆ అద్దంలో చిలకల గౌను వేసుకున్న పిల్ల నేను నాలుక బయటపెడితే తనూ పెడుతోంది, నేను ఎగిరితే తనూ ఎగురుతోంది. ఆ ఆట నాకు బాగా నచ్చింది. ఇంతలో అద్దం పక్కనుంచి ఇంకో చిలకల గౌను పిల్ల నడిచి బయటికి పోయింది. నేను ఎగరకుండానే ఆ పిల్ల నడుస్తోందేమిటని అనుకున్నాను కానీ అద్దాల మాయ కదా అని ఊరుకున్నాను. జరిగింది చాలా మామూలు విషయం. మామ్మ తెచ్చిన తానులాంటి తాను ఆ వ్యాపారి దగ్గర ఇంకొకటి ఉంది. దాన్ని క్రిస్మస్ బట్టలకని ఒక టీచరమ్మ కొనుక్కుంది. ఆ టీచరమ్మ కూతురే ఆ పిల్ల, మొహాన పౌడరు కూడా మాకు కొట్టినంత దట్టంగానే ఉంది. వాకిట్లో నిలబడ్డ మామ్మ చిలకలు కనబడగానే చెయ్యి పట్టుకుంది, మొట్టికాయ వేసింది, ఆరున్నొక్కటి అంది, లెక్క సరిపోయింది. నడక సాగించింది.

అక్కడ ఏం జరిగిందో మా దానయ్య అన్న ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో చెబుతూనే ఉంటాడు. ఆ పిల్ల ముందు నుంచీ చెబుతూనే ఉందట, "నా పేరు గ్రేస్ కుమారి, నేను మీ పిల్లని కాదు" అని. మామ్మ వినలేదు. "ఊరుకోయే, జెయింట్ వీలెక్కించనేదని అలిగినావా" అంది. బొట్టు లేదేమిటని చూసి, చెరిపేసుకుందని తిట్టి, మా అక్క నుదుటి మీద కాటుక వేలితో తీసి ఆ పిల్ల నుదుట పెద్ద బొట్టు పెట్టింది. ఇంతలో మైకులో ప్రకటన వచ్చింది. గ్రేస్ కుమారి, అయిదేళ్ళు, నారింజ రంగు గౌను, ఆకుపచ్చ చిలకలు. "అదిగో, అది నేనే!" అని పిల్ల గింజుకుంది. "పేరు బాగుందని నీదే అనెత్తావేటి?" అని మామ్మ ఇంకో మొట్టికాయ వేసింది. దానయ్య అన్నకి మాత్రం అది మన గుంట కాదని తెలుసట. చెబితే వెతుకులాటలో పడి మృత్యుకూపం రెండోసారి చూపించరని నోరు మూసుకున్నాడు. ఈ మాట మాత్రం వాడు పెళ్ళిళ్ళలో చెప్పడు, నేను చెబుతాను.

ఇటు నేను అద్దం పిల్లతో ఆడి అలిసిపోయి బయటికొచ్చేసరికి చిలకలు లేవు. అన్నీ వేరే రంగులు. ప్రకటన విన్న ఒక కాపలామనిషి నా గౌను చూసి "దొరికేసినాది!" అని నన్ను చంకనెత్తుకుని మైకు గదికి పట్టుకెళ్ళాడు. అక్కడ టీచరమ్మ ఏడుస్తూ కూర్చుంది. నన్ను చూసి చేతులు చాపి లేచింది, దగ్గరికొచ్చి మొహం చూసి మళ్ళీ కూలబడింది. "ఇది నా పిల్ల కాదు" అంది. ఆ మాట నాకింకా చెవిలో ఉంది. అప్పటి దాకా నాకు భయం తెలియదు. గౌను నాదే, చిలకలు నావే, అయినా ఒకావిడ నన్ను చూసి నా పిల్ల కాదంటోంది. రేపు మామ్మ వచ్చి కూడా ఇలాగే కాదంటే ఏం చెయ్యాలో అర్థం కాక బిగుసుకుపోయాను. ఏడుపు కూడా రాలేదు.

మైకు దగ్గర కూర్చున్నాయన కృష్ణా జిల్లా నుంచి ఆ ఎగ్జిబిషన్‌తోపాటు వచ్చిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చక్కటి గొంతు. "పాపా, నీ పేరేంటమ్మా?" అని అడిగాడు. "గుంట" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆయన ఊళ్ళో గుంట అంటే గొయ్యి. "గుంటలో పడ్డావా తల్లీ? దెబ్బ తగిలిందా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "మరి గుంట ఎక్కడ?" అన్నాడు. "ఇక్కడే" అని నన్ను నేను చూపించుకున్నాను. ఆయన గబుక్కున లేచి కుర్చీ కింద, బల్ల కింద వంగి చూశాడు. నాన్న పేరడిగితే "అయ్య" అన్నాను. ఇల్లెక్కడంటే "సముద్రం కాడ" అన్నాను. "ఈ ఊళ్ళో సముద్రం లేంది ఎక్కడమ్మా!" అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన బాధ్యత ఎరిగిన మనిషి కాబట్టి మైకు అందుకున్నాడు. "ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి. ఈ చుట్టుపక్కల ఎక్కడో ఒక గుంట ఉన్నది. చిన్నపిల్లలు జాగ్రత్త. దయచేసి కింద చూసుకుని నడవండి."

మైదానంలో జనమంతా కింద చూసుకుంటూ నడవడం మొదలుపెట్టారు. కింద చూసి నడుస్తున్నవాళ్ళు ఎదురుగా కింద చూసి నడుస్తున్నవాళ్ళని గుద్దుకున్నారు. ఇద్దరు పనివాళ్ళు పలుగూ తట్టా పట్టుకుని గుంట పూడ్చడానికి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళలో ఒకాయన ఇక్కడివాడే. నన్ను చూసి, సంగతంతా విని, తట్ట కింద పడేసి నవ్వాడు. "గుంటంటే గొయ్యి కాదు బాబూ! ఈ పిల్లే గుంట. మా దిక్కున అన్ని ఇళ్ళలోనూ ఉంటాయి." మైకాయన తెల్లబోయాడు. మళ్ళీ గొంతు సవరించుకుని ప్రకటన సరిదిద్దాడు. "విజ్ఞప్తి. గుంట దొరికింది. గుంట తాలూకువారు ఎక్కడున్నా వెంటనే వచ్చి తీసుకెళ్ళవలసిందిగా కోరుతున్నాం." ఇక చూడండి. ఆ మైదానంలో గుంట లేని కుటుంబం లేదు. తమ గుంట చంకలో ఉన్నవాళ్ళు తప్ప మిగతా తల్లులూ మామ్మలూ అందరూ "ఓలమ్మో, మా గుంటే!" అంటూ మైకు గది మీద పడ్డారు. ఒక్కొక్కరే నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తడం, కాదనడం, వెళ్ళిపోవడం. కాదు, కాదు, కాదు. ఎంతమంది కాదన్నారో నాకు తెలియదు. ప్రతి కాదుకీ నేనింకా కాస్త చిన్నదాన్నయిపోయాను.

మా మామ్మ మాత్రం రాలేదు. గేటు దగ్గర ఆ ప్రకటన ఆవిడా వింది. విని దణ్ణం పెట్టుకుందట. "ఎవులదో గుంట తప్పిపోనాదట. పాపం, ఏ తల్లి కన్నదో. మనవి అన్నీ ఉన్నాయి, అమ్మోరి దయ" అని మరొక్కసారి లెక్కపెట్టి, ఇంటికి నడక కదా అని కడగొట్టు పిల్లని ఎత్తుకుంది. ఎత్తుకుని ఆగిపోయింది. చెయ్యి ఒకసారి ఊపింది. "ఏటే, పొద్దున్న ఇంత బరువు నేవే" అంది. చెంగుతో పిల్ల మొహం తుడిచింది. పౌడరు పోయింది, కాటుక పోయింది, కింద ఇంకెవరో ఉన్నారు. "నా పేరు గ్రేస్ కుమారి, మా నాన్నగారు రైల్వేలో పనిచేస్తారు, నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి" అని ఆ పిల్ల అప్పటికి నూరోసారి చెప్పింది. దానయ్య అన్న చెప్పిన దాని ప్రకారం మామ్మ నోట్లో చుట్ట జారి కింద పడింది. చుట్ట పడిపోవడం వాడు అంతకుముందు చూడలేదట, ఆ తర్వాతా చూడలేదట.

మామ్మ పరిగెత్తుకొచ్చింది. చంకలో గ్రేస్, వెనక ఆరు చిలకలు. టీచరమ్మ గ్రేస్‌ని లాక్కుని గుండెకి హత్తుకుంది. నుదుటి మీద మసిని చూసి ఏమిటిదని కూడా అడగలేదు. మామ్మ నా వైపు దూకబోయింది. మైకాయన చెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే ఆయన చాలా చూసి ఉన్నాడు. "ఆగండమ్మా. ఇందాకట్నుంచి వచ్చినవాళ్ళంతా మాదే అన్నారు. ఈ పిల్ల మీదేనని గుర్తులు చెప్పండి."

"చిలకల గౌను" అంది మామ్మ. ఆయన ఆమె వెనక ఆరుగుర్నీ, టీచరమ్మ చంకలో ఏడో పిల్లనీ చూపించాడు. "ఇంకేదైనా చెప్పండి. పాప పేరు?"

మామ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు. దానయ్య అన్న వైపు చూసింది. "ఒరే, దీనికేటో ఎట్టినార్రా, మీ అయ్య. ఏటది?" అంది. "సత్తెవతి అనుకుంటాను మామ్మా" అన్నాడు వాడు గుర్తు తెచ్చుకుంటూ. మైకాయన నా వైపు తిరిగాడు. "నీ పేరు సత్యవతా పాపా?" నేను అబద్ధం ఆడను కదా. "కాదు, నాను గుంటని" అన్నాను గట్టిగా. గది నిండా ఉన్న జనం అనుమానంగా మామ్మ వైపు చూశారు. కాపలామనిషి ఒక అడుగు ముందుకేశాడు. అప్పటి మామ్మ మొహం తలుచుకుంటే ఇప్పుడు నాకు అర్థమవుతుంది, ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. వన్ టౌన్‌లో ఎవరి మాటకీ తగ్గని మనిషి చేతులు జోడించింది.

"బాబూ, పేరు నాను మర్సిపోనాను, తప్పే. ఇది మా గుంటే. దీనికి ఏడుపొచ్చే ముందల ఎక్కిళ్ళొత్తాయి. పుట్టిన కాడ్నుంచీ అంతే. ముందు ఎక్కిళ్ళు, తరవాతే ఏడుపు. పాలకేడిసినా అంతే, దెబ్బ తగిలినా అంతే. నానెరుగుదును బాబూ, నాను ఎత్తుకు పెంచినాను. కావాలంటే సూడు."

అందరూ నన్ను చూశారు. నేను అప్పటి దాకా బిగబట్టుకుని కూర్చున్నాను. ఇంతమంది కాదన్న నన్ను మామ్మ అవునంది. గౌను చూసి కాదు, పేరు చూసి కాదు. అది అప్పుడు నాకు తెలిసిందని చెప్పను, కానీ లోపల ఏదో వదులైపోయింది. ఎక్కిలి వచ్చింది. మైకు ఆపడం ఆయన మర్చిపోయాడు. నా ఎక్కిలి ఎగ్జిబిషన్ మైదానమంతా వినబడింది. జెయింట్ వీల్ మీద ఉన్నవాళ్ళు కూడా విన్నారట. రెండోది, మూడోది. ఆ తర్వాత ఏడుపు, అదీ మైకులోనే. మైకాయన చెయ్యి తీసేశాడు. మామ్మ వచ్చి ముందు ఒక్కటి చెంప మీద ఇచ్చి, ఆ తర్వాత ఎముకలు విరిగేలా పట్టుకుంది. చేపల వాసన, చుట్ట వాసన. మేమిద్దరం ఏడుస్తుంటే టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ అంది, "మామ్మగారూ, ఏమీ అనుకోకండి. పిల్లలకి వాళ్ళ పేరు, నాన్న పేరు, ఇల్లెక్కడో నేర్పించండి. మా గ్రేస్‌కి నేర్పించాను కాబట్టి..." అని ఆగిపోయింది. నేర్పించిన పిల్ల ఊరంతా వినేలా చెప్పినా ఎవరూ వినిపించుకోలేదని ఆవిడకీ అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

అప్పటి రోజులే బాగుండేవని చెప్పే ముసలమ్మల్లో నేను లేను. మా అమ్మాయి చేసిందే సరైన పని. పట్టీ ఉండాలి, నంబరుండాలి, ఫోటో ఉండాలి. యశ్వితకి పుట్టకముందే పేరు ఖాయం చేశారు. ఆ పేరుకి ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలుండాలో అల్లుడు వారం రోజులు ఆలోచించాడు. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడ తప్పిపోయినా అయిదు నిమిషాల్లో దొరుకుతుంది, ఎవరూ గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి కాదనరు. అంతకన్నా ఏం కావాలి? అయితే బెంచీ మీద కూర్చుని ఒక్కటి ఆలోచించాను. యశ్విత ఏడ్చే ముందు ఏం చేస్తుంది? చాలాసేపు గుర్తు చేసుకున్నాను. కింది పెదవి లోపలికి లాక్కుంటుంది, ఎడమ చెవి పట్టుకుంటుంది. తెలిసినందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తర్వాత శిరీషని అడిగాను. అదీ తడుముకోకుండా చెప్పింది. అది బాగానే నేర్చుకుంది, నేను నేర్పకుండానే.

ఎగ్జిబిషన్ మర్నాడు పొద్దున్న పడవలింకా రాలేదు. మామ్మ మా ఏడుగుర్నీ వాకిట్లో వరసగా నిలబెట్టింది. మొట్టికాయల్లేవు. టీచరమ్మ చెప్పినట్టు ఒక్కొక్కరినీ పేరడిగింది, అయ్య పేరడిగింది, పేట పేరడిగింది. తప్పు చెప్పినవాళ్ళకి చద్దన్నం లేదంది. చివర్న నేను "నా పేరు సత్తెవతి" అన్నాను. ఆ పేరు నోట్లో కొత్తగా ఉంది. రెండుసార్లు చెప్పాను, మూడోసారి అడక్కుండానే చెప్పాను. ఆ ఊపులో అడిగేశాను, "మరి నీ పేరేటి మామ్మా?"

"నా పేరెందుకే నీకు? నానేటి తప్పిపోతానా?" అని కసిరింది.

మేం వదల్లేదు. ఏడుగురం చుట్టూ చేరిపోయాం. దానయ్య అన్నకి కూడా తెలియదు. లోపలికెళ్ళి అమ్మనడిగితే "అత్తంటాను కదా, పేరెందుకు?" అంది. పిన్నికీ తెలియదు. పేటలో ఆవిడ్ని చిన్నప్పుడు గుంటా అనేవాళ్ళట, పెళ్ళయ్యాక ఫలానావాడి పెళ్ళాం అన్నారు, పిల్లలు పుట్టాక అమ్మ, మేం పుట్టాక మామ్మ. తాత ఎలా పిలిచేవాడని అడిగితే "ఏయ్ అనీవోడు" అంది. గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట సర్దుకుంటూ ఆలోచనలో పడింది. "మా అయ్య ఎట్టినాడొకటి... ఉండండర్రా" అంది. తనలో తను చెప్పుకున్నట్టు అంది. "బంగారమ్మ."

మేం పగలబడి నవ్వాం. చేపల గంపా, చుట్టా, చేతులకి రాగి కడియాలు, ఈవిడ బంగారమ్మ ఏమిటని. దానయ్య అన్న గరాటు తెచ్చి నోటి దగ్గర పెట్టుకుని మైకాయన గొంతుతో మొదలెట్టాడు. "ప్రేక్షక మహాశయులకు విజ్ఞప్తి. బంగారమ్మ అనే ఒక ముసలమ్మ తప్పిపోయినది. బంగారమ్మా, నువ్వెక్కడున్నా వెంటనే ఇంటికొచ్చెయ్."

కొడుతుందని మేం వెనక్కి దూకాం. మామ్మ కొట్టలేదు, తిట్టలేదు. నెత్తి మీదకి ఎత్తుకోబోయిన గంపని మళ్ళీ కిందికి దించింది.

"ఇంకోపాలి పిలు" అంది.